ఆంధ్రుల వ్యయాచారములు: శబ్దసాక్ష్యము

ఆంధ్రభాషయందు ధనవ్యయమునకు సంబంధించిన పదములు పెక్కు గలవు. వెచ్చము, వెల, విలువ, బేరము, అరువు, ఉద్దర, ఖర్చు, ఖరీదు, నగదు, బాకీ, కిస్తు, వాయిదా మొదలగునవి యొక్క యింటిలో నొక్క దినముననే వినబడుచుండును. కాని యివి యన్నియు నొక్క కాలమున బుట్టినవి గావు. కొన్ని దేశ్యములు, కొన్ని సంస్కృతభవములు, కొన్ని యరబీ పారసీక భాషలనుండి రాజ్యతంత్రముతోడ వచ్చినవి, కొన్ని యాంగ్లేయుల వర్తకముతోడ వచ్చినవి. రాజుల దానములను శాసనములు చెప్పుచున్నవి గాని, సామాన్యగృహస్థు డేమి కొనెనో, యెట్లు కొనెనో తెలుపు శాసనములు మిక్కిలి యరుదు. ఆ లోపమును గొంతవఱకు శబ్దములే తీర్చుచున్నవి.

వ్యయశబ్దము 'వి' యను నుపసర్గము పూర్వమందు గల గమనార్థకమగు 'ఇణ్' ధాతువువలన నేర్పడినది. విడివడి పోవుట యని దాని యవయవార్థము. ఆఙ్‌పూర్వకమగు నా ధాతువువలననే 'ఆయ' శబ్దము గలిగినది; అది వచ్చునది. పాణినీయ ధాతుపాఠమున జురాదిగణమందు విత్తమును విడుచుట యను నర్థమున వ్యయధాతువు వేఱుగను బఠింపబడినది. కౌటిల్యుడు సమాహర్తృ ప్రకరణమున వ్యయమును నిత్యము, నిత్యోత్పాదికము, లాభము, లాభోత్పాదికము అని నాలుగు విధములుగా విభజించెను. ఇందంతటను వ్యయమనగా జేతినుండి వెడలునదియే. అరబీభాషయందలి 'ఖర్జ్' శబ్దమును వెలికి బోవుట యను నర్థము గల ధాతువునుండియే పుట్టినది. అదియే పారసీకముద్వారమున దెనుగునకు వచ్చి ఖర్చయ్యెను. పరస్పరసంబంధము లేని యీ రెండు భాషలును వ్యయమును పోకగానే భావించుట గమనింపదగినది.

తెనుగున నీ వ్యయశబ్దమునకు గలిగిన పరిణామము వేఱు. దాని తద్భవమగు 'వెచ్చము' రెండర్థముల జెల్లుచున్నది. ధనము పోవుట యొక యర్థము. బియ్యము, పప్పు, ఉప్పు, చింతపండు మొదలగు నింటి సంబారములు రెండవ యర్థము. వెచ్చములు తెచ్చుట, వెచ్చములు నిండుకొనుట యను వ్యవహారములు రెండవ యర్థమునం దేర్పడినవి. పోవుదానిని జెప్పిన పదము తెనుగింటిలో వచ్చి నిలిచినదానిని జెప్పసాగెను. గృహస్థుని చేతినుండి వెడలిన ధనములో నధికభాగము నిలువయుండు వస్తురూపమున నింటికి మరల వచ్చుచున్నపుడే యిట్టి యర్థపరిణామము సంభవించును.

అట్టి కాలమున పల్లెయందు గాపుకుటుంబమునకు వలసినవానిలో బెక్కు పొలముననే పండుచుండెను. పంట గాదెలను బాతరలను జేరును. ఊరగాయలు, వరుగులు, వడియములు ఏడాదికి సరిపడ నొక్కమాఱే సిద్ధమగును. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగు పన్నిద్దఱాయగాండ్రకు జేసిన పనికి దినదినమును రొక్క మిచ్చుట లేదు. పంటకాలమున గళ్లమునందు వారివారి మేరలు కొలిచి యిచ్చుచుండిరి. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము, తూము అను కొలతలే యూరి నాణెములవలె వాడుకలో నుండెను. ఇరువది తూములు పుట్టి. నాణెము ముఖ్యముగా నుప్పునకు, నినుమునకు, బట్టకు, నగకు, సంతలో గొను కొన్ని సరకులకు మాత్రమే వలసియుండెను.

'కొను' ధాతువును ఈ యవస్థనే తెలుపుచున్నది. ప్రాచీనకావ్యములందు గొనుట యనగా గ్రహించుట. వెలయిచ్చి గ్రహించుట యందొక భేదము మాత్రమే. ఆ ధాతువే యనుప్రయుక్తమై చేసికొను, తెచ్చికొను, వండుకొను ననుచోట్ల ఫలము కర్తకు జెందుటను దెలుపును. సంస్కృతమున నాత్మనేపదము చేయు పనిలో గొంత తెనుగున గొను చేయుచున్నది. కొనుటకు 'విలుచు' అను పదమును బ్రాచీనాంధ్రమున గలదు. వెల, విలువ యనునవి యా కుటుంబములోనివే. నేడు వెల వేఱు, విలువ వేఱు; వెల యధికమై విలువ తక్కువయైన వస్తువని చెప్పగలుగుచున్నారు. పుట్టుకచే దోబుట్టువులైన యీ రెండు పదములకు గలిగిన యర్థభేదముకూడ వ్యయచరిత్రములోని దొక భాగమే.

సంపన్నుల వ్యయమునకు సాక్ష్యములు వేఱుగా గలవు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లియందు గాకతీయ గణపతిదేవుడు 1244-45 సంవత్సరమున నభయశాసనము వేయించెను. తుపానువలన దీరమున జిక్కిన యోడల సరకునంతయు బూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, దా నట్లు చేయక నియతమగు సుంకము మాత్రమే గొందుననియు నందు బ్రకటింపబడినది. సుంకము ముప్పదింట నొకటి. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు, పోకలు ఆ శాసనమున బేర్కొనబడినవి. పదునాల్గవ శతాబ్దాంతమునకును బదునైదవ శతాబ్దాదికిని జెందిన శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి గృతి యిచ్చుచు, నా వర్తకులు సింహళమునుండి యేనుగులను, హురుమంజినుండి గుఱ్ఱములను, భోటదేశమునుండి కస్తూరిని, చీనానుండి పట్టుబట్టలను దెప్పించినట్లు వర్ణించెను. ఈ సరకులు రాజగృహములకును, దేవాలయములకును, ధనికుల మేడలకును జేరినవి.

నగరమునందలి మధ్యతరగతి వ్యయమునకు క్రీడాభిరామము మంచి యాధారము. ఓరుగంటి పూటకూటియింట నొక్క రూకకు మేలైన బియ్యపుటన్నము, గోధుమల పిండివంట, పంచదార, నెయ్యి, పప్పు, అరటిపండ్లు, ఊరగాయలు, పెరుగు దొరకునని యందలి వర్ణనము. వండిన యన్నము నొకనాటి వెలకు గొనుట పల్లెవారికి వింత. బాటసారులు, వర్తకులు, రాజసేవకులు చేరు పట్టణమున నది వాడుక. కావ్యము వెలతోడ సహా పదార్థముల బేర్కొనుటనుబట్టి చూడగా, రూకను వెచ్చించి భుజించుట యా పట్టణమున వినోదముగ గూడ దలపబడినట్లు తోచుచున్నది.

అరుదైన వస్తువు సామాన్యమగుటకు మిరప మంచి యుదాహరణము. మోటుపల్లి శాసనమున మిరియము సుంకమునకు లోబడిన వర్తకపు సరకు. పదునాఱవ శతాబ్దమున బోర్చుగీసువారితోడ నమెరికాఖండపు మిరప యీ దేశమునకు వచ్చెను. పెరటిలో మొలచు నీ కాయ కారమునకై మిరియమును గొనవలసిన యవసరమును దగ్గించెను. నేడు గుంటూరు మిరపవిపణి దేశప్రసిద్ధము. ఆంధ్రుల భోజనమునకు గారమే లక్షణమని పరులు తలచుచున్నారు. ఈ రుచి యైదువందల యేండ్లకు లోబడినదే. ఆచారము పురాతనమని తోచుట వేఱు, పురాతనమై యుండుట వేఱు.

ఇట్లు పరదేశవస్తువు తెనుగువారి రుచిని మార్చినట్లే తెనుగుబట్టయు బరదేశముల రుచిని మార్చినది. పదుమూడవ శతాబ్దాంతమున మార్కోపోలో మోటుపల్లి ప్రాంతపు సన్నబట్టలను సాలెగూటితో బోల్చెను. 1605లో డచ్చివారును, 1611లో నాంగ్లేయులును మచిలీపట్టణము జేరినది ముఖ్యముగా నీ తీరపు బట్టకొఱకే. అద్దకపు బట్టలపై యైరోపాజనుల మోజు మిక్కుటమై, యచ్చటి నేతవారికి భయము గొల్పెను. ఫ్రాన్సు దేశము 1686లో నట్టి బట్టల నిషేధించెను. ఇంగ్లండు 1700లోను 1721లోను జేసిన శాసనములచే వానిని ధరించుటను గట్టడి చేసెను. ప్రజలు కొనగోరిన దానిని రాజ్యము కొననీయకుండుట యచ్చట జరిగినది. పందొమ్మిదవ శతాబ్దమున నిది తలక్రిందయ్యెను. లాంకషైరు మిల్లుబట్ట తక్కువ వెలకు మన సంతలను నింపినపుడు తెనుగు నేతవానిని గాపాడు నిషేధశాసన మేదియు బుట్టలేదు.

ఈ నడుమ భాషలో మఱియొక పొర చేరెను. ఖర్చు, ఖరీదు, బజారు, దుకాణము, నగదు, బాకీ, జమ, కిస్తు, వాయిదా యనునవి గోలకొండ సుల్తానుల కాలమునుండి రాజస్వవ్యవహారమున వ్యాపించి యాంగ్లేయుల కచ్చేరీలందు స్థిరపడెను. వీనిలో 'కిస్తు' ప్రధానము. అది భాగమనియు, గడువునకు జెల్లింపవలసిన పన్నుభాగమనియు నర్థము నిచ్చును. సర్కారు శిస్తును ధాన్యముగా గాక రొక్కముగా నియమిత దినమున గోరినపుడు, రైతు పంటను నిలువ చేయుటకు మాఱుగా బంటకాలముననే యమ్మవలసివచ్చెను. గాదె నిండియున్నను జేత రొక్కము లేనివాడు షావుకారు నాశ్రయించెను. 1818లో మదరాసు రాజధానియందు వరహాకు మాఱుగా రూపాయ ప్రమాణనాణె మయ్యెను. మూడున్నర రూపాయలొక వరహా. తెలంగాణమున నిజాము హాలీసిక్కా వేఱుగా జెల్లుచు, 1950 తరువాత గ్రమముగా దొలగెను. ఇంటిలెక్క వెచ్చములనుండి ఖర్చులకు మాఱిన కాలమిది.

పూర్వస్థితి సుఖమయమని యిందువలన నిర్ణయింపరాదు. గాదె గలవానికే నిలువ. మేరతో బ్రతుకువానికి బంట పోయిన నేమియు లేదు. నందన సంవత్సరపు టాదిగా 1832-33లో గుంటూరుసీమను బీడించిన కఱవున లక్షకు మించిన జనులు మడిసిరి. బండ్లబాటలు లేక, ధాన్యమున్న చోటినుండి లేనిచోటికి జేరలేదు. రొక్కపు వ్యవహారమునకు రహదారులును దోడగు వఱకు రెండు విధముల గీడును బేదవాని కొక్కమాఱే గలిగెను. పిదప 1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు టానకట్టయు, 1855 నాటి కృష్ణ యానకట్టయు, 1900లో గోదావరిపై బూర్తియైన రైలువంతెనయు గోస్తాసీమ వ్యయమును మార్చినవి. వరి యెగుమతియయ్యెను, పెంకుటిండ్లు, బంగారము, మిల్లుబట్ట, పిల్లల యింగ్లీషు చదువు గృహస్థుని పద్దులందు జేరెను.

ఆ కాలపు ఖర్చునకు గురజాడ అప్పారావు కన్యాశుల్కము నిలువుటద్దము. 1892లో బ్రదర్శింపబడి 1897లో ముద్రితమైన యా నాటకపు మొదటనే, పూటకూళ్లమ్మకు సంతలో సామాను కొనిపెట్టెదనని తీసికొన్న యిరువది రూపాయలను గిరీశము వేశ్యకై ఖర్చు చేసిన సంగతి వచ్చును. ఓరుగంటి పూటకూటియింటికిని విజయనగరపు పూటకూటియింటికిని నడుమ నైదువందల యేండ్లు గడచినవి. మొదటిదాన రూక భోజనమైనది, రెండవదాన వెచ్చములు కావలసిన రొక్కము మఱియొకచోట ఖర్చైనది. గ్రంథకర్త తన యాంగ్లపీఠికలో విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో నమోదైన కన్యాశుల్క వివాహములు 1,034 అనియు, శిశువులకు సైతము 350 మొదలు 400 రూపాయల వఱకు వెల పలికెననియు వ్రాసెను.

వివాహవ్యయమున శబ్దముల సాక్ష్యము మిక్కిలి కఠినము. వరుడు కన్యకకై యిచ్చు ధనమునకు ఓలి, ఉంకువ యను దేశ్యపదములు గలవు. కట్నమనగా బూర్వము గౌరవముతో నిచ్చు కానుక. ఇరువదవ శతాబ్దమున బెక్కు కులములందు ధనము నడచు దిక్కు మాఱి, వరునికై కన్యాపక్షమువా రిచ్చునది యధికమయ్యెను. కానుక పేరే వసూలునకు బేరయ్యెను. ఆంధ్రప్రదేశమున 1958లోను, దేశమంతటను 1961లోను వరకట్ననిషేధ శాసనములు చేయబడెను. శాసనము నిషేధించినను బదము గౌరవార్థమును విడువలేదు. ఆ గౌరవపు దెఱచాటుననే బేరము సాగుచున్నది.

కొనుటయేగాక కొనకుండుటయు నొక యాచారముగ నేర్పడినది. 1907లో బిపిన్ చంద్రపాలుని యాంధ్రయాత్రానంతరము స్వదేశీవ్రతము వ్యాపించెను; 1921లో విదేశవస్త్రదహనములు జరిగెను; పొందూరు సన్నఖద్దరు ప్రసిద్ధికెక్కెను. అంతవఱకు బట్ట కొనువాడు వెలను, నేతను, రంగును జూచెడివాడు. అప్పటినుండి యెవరు నేసిరో, యా ధన మెవరికి జేరునో యను ప్రశ్నయు బుట్టెను. 1938లో మదరాసు రాజధానిలో వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనము చేయబడుటవలన, ఖర్చు వెనుక నిలిచిన యప్పుయొక్క భారమును బ్రభుత్వము గుర్తించినట్లయ్యెను.

స్వాతంత్ర్యానంతరము లెక్కలే మాఱినవి. 1957 ఏప్రిలు 1న దశాంశనాణెములు వచ్చి యణాలు పోయెను. పిమ్మట గిలోగ్రాములు, లీటరులు వచ్చి వీసెలు, సేరులు, మానికలు తొలగెను. కొలిచిపోసిన సరకునకు మాఱుగా గట్టిన పొట్లము వచ్చెను. కొసరడుగుట, నమ్మకముపై నుద్దర పెట్టుట, యంగడివాని తూనికను గన్నులార జూచుట యను మూడు వాడుకలును దానితో సన్నగిల్లెను. 'వినియోగదారు' అను పదము వచ్చినది. మంత్రమును గర్మమునందు దగినట్లు నియోగించుటకు మీమాంసకులు వాడిన వినియోగశబ్దమునకు బారసీక ప్రత్యయము చేరి, సబ్బు కొనువానికి బేరయ్యెను. 1986లో వినియోగదారుల రక్షణశాసనము వచ్చినది. పూర్వభాషలో గృహస్థుడు, కొనువాడు, బేరగాడు గలరు గాని, కొనుటయే లక్షణముగా గల మనుష్యునకు బ్రత్యేకనామము లేదు.

ఖర్చు గృహమును గుల్లచేయుటను మొదట నెదిరించినవారు పండితులు గారు, పల్లె స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో బుట్టి 1992లో నుప్పెనవలె వ్యాపించిన సారావ్యతిరేకోద్యమము సారాదుకాణములను మూయించెను. కూలిరొక్కము గృహము జేరకయే సారాపాకలందు బోవుటయే వారి మొఱ. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడెను. ఆ యుద్యమమునుండియే నెల్లూరిలో స్త్రీల పొదుపుసంఘములు బలము గొనెను. అప్పుడు మరల దెనుగు దేశ్యపదమైన 'పొదుపు' రాజ్యపత్రములకెక్కెను. వెచ్చమునందలి ప్రాతబుద్ధి, గాదెకు మాఱుగా బ్యాంకు పుస్తకమును జేపట్టి, తిరిగి వచ్చినట్లు దోచెను.

కాని సంఘములకు బుట్టిన యా నమ్మకమునే మూలధనముగ జేసికొని, యధికవడ్డీకి జిన్నయప్పు లిచ్చు సంస్థలు పల్లెలందు బ్రవేశించెను. వారమువారము వాయిదా చెల్లింపలేక, యొక సంస్థ యప్పు తీర్చుటకు వేఱొక సంస్థయొద్ద నప్పు చేసిన కుటుంబములు పెక్కు. వసూలు నిర్బంధములకు దాళలేక కొందఱు ప్రాణములు విడిచిరన్న వార్తలు రాగా, 2010 అక్టోబరున నాంధ్రప్రదేశ ప్రభుత్వము సూక్ష్మఋణసంస్థలను నియమించు నత్యవసరశాసనము చేసెను. అరబీభాషలో 'వాయిదా'కు మూలమగు శబ్దము మాట యిచ్చుటను దెలుపును. తెనుగున నది గడువయ్యెను. పిదప గడువునకు జెల్లింపవలసిన సొమ్మయ్యెను. పట్టణములందు శీతలయంత్రము, వాహనము, దూరవాణి, తుదకు పెండ్లివిందుగూడ నెలవాయిదాలకు దొరకుచున్నవి. 2016లో నవంబరు 8న పెద్దనోట్లు రద్దగుటయు, నా యేడే యారంభమైన యూపీఐ చెల్లింపులు వ్యాపించుటయు, వ్రేలికొనతో వ్యయము జరుగు కాలమును దెచ్చెను. రూపాయ చేతినుండి పోవుట కంటికి గనబడుట మానెను.

ఇట్లు మూడు పదములు మూడు క్రమములను దెలుపుచున్నవి. వెచ్చమున మొదట నార్జనము, పిదప నిలువ, తుదకు భోగము. ఖర్చున నార్జించిన వెంటనే భోగము. నిలువకు జోటు తగ్గినది. వాయిదాలో భోగము ముందు, నార్జనము వెనుక. ఇంకను రాని దినములయొక్క కూలి నేడే యయిపోవుచున్నది. వస్తువులు పెరిగినవి, సుఖము పెరిగినది, కఱవున జచ్చుట తగ్గినది. 1983లో వచ్చిన రెండురూపాయల కిలోబియ్యము వంటివి పేదయింటి కుండను నిలిపినవి. ఇవి లాభములే. అయినను క్రమము తలక్రిందైన సంగతి లాభములలో మఱుగుపడరాదు. గాదె కలిగిన కాపు కఱవున నోడినను, నెల జీతగాడు వ్యాధికి లేక పనిపోవుటకు నోడినను దుఃఖ మొక్కటియే. మొదటివానికి నష్టము పంటతో ముగియును, రెండవవానికి నప్పురూపమున ముందటి యేండ్లకు బ్రాకును.

పాణిని ఋణమును గూర్చి సూత్రమే చేసెను. ధారిధాతువు యోగమున నప్పిచ్చినవానికి సంప్రదానసంజ్ఞ గలుగును. అప్పిచ్చినవా డుత్తమర్ణుడు, పుచ్చుకొన్నవా డధమర్ణుడు. పేరులోనే హెచ్చుతగ్గులు స్పష్టముగా జెప్పిన భాష యది. నేటి పత్రములందు ఋణగ్రస్తుడు మాన్యుడగు వినియోగదారుడని పిలువబడుచున్నాడు. పేరు మెత్తనైనను బాధ్యత మెత్తబడలేదు.

ఈ చరిత్రమునకు వలసిన మూలములు గ్రంథాలయములందు గొంతయే యున్నవి. కరణములు వ్రాసిన లెక్కలు, వర్తకుల చిట్టాలు, పెండ్లిఖర్చు పద్దులు, వైద్యుని కిచ్చిన ధాన్యము గుర్తులు, స్త్రీల పొదుపుసంఘముల మినిట్సు పుస్తకములు ఇంటింటను, సంఘముల యొద్దను గలవు. తాళపత్రముల గ్రంథము లను నాదరముతో గాపాడు విద్వాంసులు వీనిని జెత్తని పారవేయనీయరాదు. పాఠశాలలలో బండితులు విద్యార్థుల యిండ్లనుండి వెచ్చము, మేర, కొసరు, ఉద్దర, కిస్తు వంటి పదముల నయ్యూరి యర్థములతోడను, నే సంవత్సరమువఱకు వాడిరో యను గుర్తుతోడను సేకరించినచో, వెలలపట్టికలయందు గానరాని ప్రజాచరిత్ర మొకటి వెలువడును. ఆ పదములను నిత్యవ్యవహారమున వాడిన వృద్ధులు నేటికిని గొందఱు జీవించియున్నారు. వారు గడచిన పిమ్మట నిఘంటువులయందు బదములుండును గాని, యే సరకు నెంత యరువు తెచ్చి, యే పంటకు దీర్చిరో చెప్పువారుండరు.